నెమ్మది లైను మీద అమెరికా మాట

గుంటూరు, పల్నాడు, ప్రకాశం ఊళ్ళలో నెట్ ఫోను సంగతి ఎవరి దగ్గర ఎత్తినా మొదట వినిపించేది "మా లైను బాగా స్లో అండీ" అన్న మాటే. డాలస్‌లో ఉన్న కొడుకు గొంతు ముక్కలై వచ్చినా, ఇక్కడ చెప్పింది అటు చేరకపోయినా, ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి ఇద్దరూ ఒకేసారి ఆగిపోయినా నేరం వేగం మీదే పడుతుంది. విరుగుడు కూడా అందరికీ ఒకటే తెలుసు: నెలకు ఇంకో రెండు వందలు కట్టి పై ప్లానుకు మారడం. 2005లో బ్రాడ్‌బ్యాండు వచ్చిన కొత్తలో 256 కిలోబిట్ల లైను ఉంటేనే గొప్ప. ఇవాళ మండల కేంద్రంలో కేబుల్ ఆపరేటరు 30, 40 మెగాబిట్లు ఇస్తున్నాడు. వంద రెట్లు పెరిగినట్టు. ఫిర్యాదు మాత్రం మారలేదు. వంద రెట్లు పోసినా నిండనిది వేగం లోటేనా, మరింకేదైనానా అని అనుమానం రావాలి. ఇన్నేళ్ళుగా దీని మీద చెబుతూ వచ్చిన కారణాలను, చేస్తూ వచ్చిన వైద్యాలను ఒకసారి వరసగా తిరగేస్తే, వేగానికి మనం వేసిన శిక్షలో సగం అన్యాయమేనని నాకు అనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు గొంతును అంకెలుగా మార్చడం నేర్చాక ఒక్కో మాటకు కేటాయించింది సెకనుకు 64 కిలోబిట్లు. 1972లో ఖరారైన జి.711 అనే ప్రమాణం అది. ల్యాండ్‌లైన్‌లో మనం విన్న శుభ్రమైన గొంతంతా ఆ 64లోనే ఇమిడింది. నెట్ మీద పంపేటప్పుడు సాధారణంగా ఆ గొంతును సెకనుకు 50 ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్క మీద చిరునామా వగైరా రాయడానికి 40 బైట్లు పడతాయి, వాటి బరువే సెకనుకు 16 కిలోబిట్లు. మొత్తం 80. 1996లో వచ్చిన జి.729 గొంతును 8 కిలోబిట్లకు కుదించింది. చిరునామాలతో కలిపి 24. అంటే గొంతు కంటే దాని మీది చిరునామాలే రెట్టింపు. 2012లో వచ్చిన ఓపస్ అయితే 6 నుంచి 510 కిలోబిట్ల దాకా ఎక్కడైనా పనిచేస్తుంది, లైను స్థితిని బట్టి కాల్ మధ్యలోనే తగ్గగలదు, పెరగగలదు. 24 కిలోబిట్ల చొప్పున గంటసేపు రెండువైపులా మాట్లాడుకున్నా ఖర్చయ్యేది 22 మెగాబైట్ల లోపే. రెండు మూడు నిమిషాల పెళ్ళి వీడియో అంతకంటే ఎక్కువ తింటుంది.

ఈ లెక్కన 2005 నాటి లైను మీద కూడా మూడు కాల్స్ హాయిగా నడవాలి. ఒక్కటీ నడవలేదని అందరికీ గుర్తే. ఎందుకు నడవలేదో చూసే ముందు ఈ నేలకు నెట్ ఫోను వచ్చిన దారి కాస్త చెప్పుకోవాలి, అలవాట్లు పడింది అక్కడే కాబట్టి.

విదేశీ కాల్స్ మీద ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం నడిచిన రోజుల్లో అమెరికాకు ఒక్క నిమిషం మాట్లాడితే అరవై రూపాయలు దాటేది. అప్పట్లో రోజంతా పత్తి తీసిన కూలి అంతకంటే తక్కువ. ఐఎస్‌డీ బూత్‌లో ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే "బాగున్నావా, బాగున్నాం, పెట్టేస్తున్నా" అన్నంతలో సంభాషణ అయిపోయేది. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ కంప్యూటరు నుంచి కంప్యూటరుకు మాట్లాడే సాఫ్ట్‌వేర్ అమ్మడం మొదలుపెట్టింది. మనకు మాత్రం అది చట్టబద్ధం కావడానికి 2002 ఏప్రిల్ 1 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఒప్పుకోలులోనూ ఒక వింత ఉంది. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు మాట్లాడొచ్చు, కంప్యూటరు నుంచి విదేశంలోని ఫోనుకూ మాట్లాడొచ్చు, దేశంలోని మామూలు ఫోనుకు మాత్రం వీల్లేదు. నరసరావుపేట నెట్ సెంటర్‌లో కూర్చున్నవాడు న్యూజెర్సీలో ఇంటి ఫోను మోగించవచ్చు, వినుకొండలో మేనమామ ఫోను మోగించకూడదు. ఈ నియమం మరో పదహారేళ్ళు అలాగే సాగింది.

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట నెట్ సెంటర్లలో హెడ్‌ఫోను తగిలించుకుని యాహూ మెసెంజర్‌లో మాట్లాడినవాళ్ళది మొదటి తరం. వాళ్ళకు దొరికిన డయలప్ మోడెం మహా అయితే 56 కిలోబిట్లు, అదీ కాగితం మీద. 2003 ఆగస్టులో స్కైప్ వచ్చింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండు మొదలైంది. అంతకు ముందు ఏడాది వచ్చిన కేంద్ర విధానం 256 కిలోబిట్లు అందితే చాలు దాన్ని బ్రాడ్‌బ్యాండు అనొచ్చంది. ఇక అక్కడి నుంచి అసలు కథ అమెరికా నుంచి వచ్చిన డబ్బాలది.

సూట్‌కేసులో వెళ్ళేటప్పుడు గోంగూర పచ్చడి, గొడ్డు కారం. వచ్చేటప్పుడు నెట్ మీద ఫోను నడిపే వోనేజ్ డబ్బానో మ్యాజిక్‌జాకో. వై2కె కాలంలో ఇక్కడి నుంచి వెళ్ళి స్థిరపడిన ఇళ్ళలో ఇదొక ఆచారంలా సాగింది. మ్యాజిక్‌జాక్ 2007లో వచ్చింది. 2009 ఆగస్టులో వోనేజ్ ఇండియాతో సహా అరవై దేశాలకు ఎంతసేపైనా మాట్లాడే పథకం పెట్టింది. డబ్బాను అమెరికా నంబరుతో సహా తెచ్చి చిలకలూరిపేటలోనో అద్దంకిలోనో తల్లిదండ్రుల రూటరుకు తగిలిస్తే, ఆ ఇంటి హాల్లో ఫోను ఎత్తగానే అమెరికా డయల్ టోన్ వినిపించేది. డాలస్ కొడుక్కి అది లోకల్ కాల్. అమ్మకు కంప్యూటరు తెరిచే పని లేదు, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే పని లేదు. ఫోను మోగితే ఎత్తడమే. ఆ తర్వాత ఎన్ని యాప్‌లు వచ్చినా పెద్దవాళ్ళకు ఇంత అనువైన ఏర్పాటు మళ్ళీ రాలేదని నా నమ్మకం. మన నిబంధనల్లో దాని చోటు ఏమిటో ఎవరూ గట్టిగా అడగలేదు. డబ్బా మాత్రం గోడ మూల దీపాలు వెలిగించుకుంటూ కూర్చుంది.

వోనేజ్ అకౌంటులో ఒక చిన్న ఏర్పాటు ఉండేది: గొంతుకు 90 కిలోబిట్లు వాడాలా, 50 వాడాలా, 30 వాడాలా అని ఎంచుకోవచ్చు. చాలామంది ఎక్కువైతే మంచిదని 90 మీదే వదిలేసేవాళ్ళు. నెమ్మది లైను మీద అది తలకిందుల లెక్క. 30కి దించితే గొంతు కాస్త మొద్దుబారుతుంది, తెగిపోవడం మాత్రం తగ్గుతుంది. మిగతా కథంతా ఈ చిన్న మీటలోనే ఉంది.

అప్పటి బ్రాడ్‌బ్యాండు నడిచిన ఏడీఎస్ఎల్ అనే రాగితీగ పద్ధతి డౌన్‌లోడ్‌కు వెడల్పాటి దారి, అప్‌లోడ్‌కు సందు వదులుతుంది. ప్రకటనలో రాసేది మొదటిదాన్ని. సినిమా చూసేవాడికి అది చాలు. ఫోను అలా కాదు, వచ్చినంతే పోవాలి కూడా. 128 కిలోబిట్ల అప్‌లోడ్ ఉన్న ఇంట్లో ఒకరు రెండు మెగాబైట్ల ఫోటో పంపితే ఆ సందు రెండు నిమిషాలు నిండిపోతుంది. అందులో ఒక్కో పెద్ద ప్యాకెట్టు, అంటే 1500 బైట్లది, బయటికి పోవడానికే 94 మిల్లీసెకన్లు. గొంతు ముక్క 20 మిల్లీసెకన్లకు ఒకటి తయారవుతుంటుంది. అంటే ఒక్క ఫోటో ప్యాకెట్టు గడప దాటేలోపు నాలుగైదు గొంతు ముక్కలు వెనక ఇరుక్కుంటాయి. ఇంతటితో ఆగితే ఫరవాలేదు. ఏదీ పారేయకూడదన్న మంచి ఉద్దేశంతో మోడెం తయారీదారులు లోపల పెద్ద నిల్వ పెట్టారు. 64 కిలోబైట్ల నిల్వ నిండిందంటే, ఆ సందు గుండా అది ఖాళీ కావడానికి నాలుగు సెకన్లు. తల్లి "అన్నం తిన్నావా నాన్నా?" అని అడిగిన నాలుగు సెకన్లకు ఆ ప్రశ్న ఇల్లు దాటుతుంది. ఈలోపు "వినపడుతుందా? హలో? హలో?" అని ఆమె వేసిన కేకలు కూడా అదే వరసలో చేరతాయి.

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు గేటు ముందు టిక్కీల లారీలు బారులు తీరి ఉన్నప్పుడు, చేతిలో ఒక్క చీటీతో లోపలికి పోవాల్సిన మనిషిని కూడా లారీల వెనకే నిలబెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. గేటు రెండింతలు వెడల్పు చేస్తే లారీలూ రెండింతలవుతాయి. చీటీ మనిషికి పక్కన చిన్న దారి వదిలితే సరిపోతుంది.

ఇది మన పల్లెల్లో మాత్రమే ఉన్న జబ్బు కాదు. ఇంటర్నెట్ పాతకాపుల్లో ఒకడైన జిమ్ గెటిస్ 2010లో తన ఇంట్లో ఫైళ్ళు కాపీ చేస్తుంటే నెట్ స్తంభించిపోవడం చూసి కారణం తవ్వాడు. వేగం తక్కువై కాదు, దారి పొడవునా పరికరాల్లో నిల్వలు మితిమీరి పెరిగి ఆలస్యం పెరుగుతోందని తేల్చి దానికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. వరస పొడవు కాకుండా వరసలో ఎంతసేపు నిలబడ్డారన్నది చూసి, అవసరమైతే ప్యాకెట్లను ముందే పారేసి, పంపేవాడిని నెమ్మదింపజేసే పద్ధతి. దాని తర్వాత వచ్చిన రకాలు చిన్న ప్రవాహాలను, అంటే గొంతు లాంటివాటిని, పెద్దవాటి వెనక నిలబెట్టకుండా ముందుకు పంపుతాయి. ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. నెలవారీ కనెక్షనుతో పాటు మన కేబుల్ ఆపరేటరు పెట్టే చౌక రూటర్లలో మాత్రం సాధారణంగా కనపడదు. ఉన్న రూటర్లలో చేయాల్సింది ఒక్కటే: అసలు అప్‌లోడ్ వేగంలో ఎనభై అయిదు, తొంభై శాతానికి హద్దు పెట్టడం. అప్పుడు వరస మోడెం లోపలో, ఆపరేటరు దగ్గరో కాకుండా మన చెప్పుచేతల్లో ఉండే రూటరులో ఏర్పడుతుంది. కొంత వేగం వదులుకుంటే మాట దక్కుతుందన్నది మొదట మింగుడుపడదు, కానీ ఇన్ని వైద్యాల్లో గురి తప్పనిది ఇదే.

కాలంతో పాటు లారీల రూపం మారింది. అప్పుడు ఫోటోలు, తర్వాత గూగుల్ ఫోటోస్ దానంతటది పైకి ఎక్కించే బొమ్మలు, ఇప్పుడు సీసీ కెమెరాలు. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను చూసుకోవడానికి ఇంటి ముందు ఒకటి, హాల్లో ఒకటి, గొడ్లచావిడి దగ్గర ఒకటి వైఫై కెమెరాలు పెట్టించి వెళ్తారు. అవి రాత్రింబవళ్ళు బొమ్మను పైకి పంపుతూనే ఉంటాయి. సిమ్ పెట్టిన చిన్న రూటరు మీద నడిచే ఇళ్ళలో ఆ అప్‌లోడ్ అంతా వాటికే పోతుంది. కొడుకు ఒక పక్క ఫోనులో కెమెరా తెరిచి తండ్రిని చూస్తూ, ఇంకో పక్క ఆయనకే కాల్ చేసి "ఏంటి నాన్నా, మీ నెట్ ఇంత దారుణంగా ఉంది?" అంటాడు. కెమెరా మూసి చేస్తే సగం బాగుపడుతుందని ఎవరైనా వాళ్ళకు చెప్పాలి.

రాగితీగ కాలానికి ఇంకో బాధ ఉంది, అది మాత్రం నిజంగా ఈ నేలది. ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగేకొద్దీ ఏడీఎస్ఎల్ నీరసిస్తుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే కాగితం మీది వేగంలో చిన్న వాటాయే మిగులుతుంది. ఊళ్ళు విసిరేసినట్టుండే పల్నాడులో, దర్శి, పొదిలి వైపు అది పెద్ద దూరమేమీ కాదు. దానికి తోడు నల్లరేగడి. వేసవిలో అరచేయి దూరేంత నెర్రెలిచ్చి, వానలకు ఉబ్బి, మళ్ళీ ఎండి కుంచించుకుపోయే నేలలో పాతిన తీగకు, దాని జాయింట్లకు ఏటా పరీక్షే. జాయింటులో నీళ్ళు చేరితే మామూలు ఫోనులో గరగర మాత్రమే వస్తుంది, మాట సాగుతుంది. అదే తీగ మీద బ్రాడ్‌బ్యాండు అయితే తెగి, మళ్ళీ కలిసి, మళ్ళీ తెగుతుంది. ప్రతిసారీ అర నిమిషమో నిమిషమో పోతుంది. సగటు వేగం కొలిస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఏ జాయింటు ఎక్కడ పాతారో తెలిసిన లైన్‌మన్లే ఈ జబ్బుకు వైద్యులు. 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఆ రోజుతో చాలా ఊళ్ళ తీగల పటం మనుషుల జ్ఞాపకంతో పాటే ఇంటికి వెళ్ళిపోయింది.

సముద్రం వాటా కూడా లెక్కలో వేసుకోవాలి. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి అమెరికాకు కేబుల్ దారి పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లు. అంటే ఎంత గొప్ప లైనైనా ఒకవైపే 75 నుంచి 100 మిల్లీసెకన్లు తప్పదు. మాట సహజంగా సాగాలంటే ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని, 400 దాటితే పనికిరాదని అంతర్జాతీయ టెలికాం సంస్థ జి.114లో చెప్పింది. మన ఖాతాలో సగానికి పైగా సముద్రమే ఖర్చుపెట్టేసింది. మిగిలిన దానిలోనే రూటరు, వైఫై, ఆపరేటరు, అటువైపు ఇల్లు సర్దుకోవాలి. బెంగళూరులో ఉన్న కూతురితో బాగుండే లైను డాలస్ కొడుకుతో తడబడేది ఇందుకే. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర కేబుళ్ళు తెగినప్పుడు పడమర దారి చాలావరకు మూసుకుపోయి కాల్స్ చుట్టూ తిరిగి వెళ్ళాయి. చిలకలూరిపేటలో ఎంత పెద్ద ప్లాను ఉన్నా అప్పుడు పనికిరాలేదు.

ఆలస్యం కంటే దాని హెచ్చుతగ్గులు ఎక్కువ చేటు. ముక్కలు ఒకటి 100 మిల్లీసెకన్లకు, ఇంకొకటి 180కి వస్తే అటువైపు ఫోను కాసేపు ఆగి, వాటిని పోగుచేసి, సమంగా వినిపిస్తుంది. ఎక్కువసేపు ఆగితే మాట మీద మాట పడుతుంది. తక్కువసేపు ఆగితే ఆలస్యంగా వచ్చిన ముక్క వృథా అవుతుంది. వృథా అయిన చోట ముందరి శబ్దాన్నే సాగదీసి అతుకు వేస్తుంది. మనవాళ్ళు "రోబోలా వస్తోందిరా" అనేది ఆ అతుకునే. ఒక్క ముక్క పోతే చెవికి తెలియదు. వరసగా నాలుగైదు పోతే ఒక అక్షరం ఎగిరిపోతుంది. ఇంటి కబుర్లలో అది నవ్వుకునే సంగతి. యార్డు రేటు అడిగేటప్పుడు కాదు. "ఇరవై", "అరవై" మధ్య తేడా ఆ మొదటి అక్షరంలోనే ఉంది. తేజ రకం క్వింటా ఎంత పోయిందో కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్న రైతు కమీషన్ ఏజెంటును అడిగి, విన్నది మళ్ళీ తను చెప్పి, చివరికి "మెసేజ్ పెట్టండి" అనడం అందుకే.

అసలు ఈ నేల నెమ్మది లైనుకు కనిపెట్టుకున్న సొంత మందు వాయిస్ మెసేజ్. వాట్సాప్‌లో కాల్ 2015లో వచ్చింది, వాయిస్ మెసేజ్ అంతకు ముందే 2013లో వచ్చింది. రికార్డు చేసి పంపిన మాటకు ఆలస్యంతో పని లేదు. ముక్క పోతే మళ్ళీ తెప్పించుకుంటుంది, పూర్తిగా చేరాకే వినిపిస్తుంది. యార్డులో మధ్యవర్తి ముందు శాంపిల్ కాయల ఫోటో, దాని కింద ఇరవై సెకన్ల మాట పంపుతాడు. అవతలి ఊళ్ళో కొనుగోలుదారు తీరిగ్గా విని, రంగు చూసి, ధర చెప్పిన మాట వెనక్కి పంపుతాడు. సిగ్నలు ఒక గీత ఉన్న చేల గట్టు మీద కూడా ఇది నడుస్తుంది. ఇంజనీర్లు దీన్ని ఫోను అనరు. రోజువారీ బేరాలు మాత్రం దీని మీదే నడుస్తున్నాయి. నెమ్మది లైను మీద మాట గురించిన చర్చల్లో దీన్ని ఓ పక్కకు నెట్టేయడం నాకు సబబుగా కనపడదు.

గొంతును ఇంకా ఇంకా కుదించే పోటీ మరోవైపు సాగుతోంది. 2021లో గూగుల్ లైరా అనే పద్ధతితో గొంతును 3 కిలోబిట్లకు దించింది. 2024లో మెటా వాట్సాప్ లాంటి తన యాప్‌ల కాల్స్ కోసం ఎంలో అనేదాన్ని ప్రకటించింది, 6 కిలోబిట్ల దగ్గర ఓపస్ కంటే స్పష్టంగా, పాత ఫోన్లలో కూడా నడిచేట్టు. రోజువారీ డేటా అయిపోయాక వేగం 64 కిలోబిట్లకు పడిపోయే మొబైలు ప్లాన్ల మీద బతికేవాళ్ళకు ఇది నిజమైన మేలు. గొంతు చిన్నదైతే మిగిలిన చోటులో దాని నకలు కూడా కలిపి పంపవచ్చు, ఒకటి పోయినా రెండోది చేరుతుంది. అయితే లారీల వెనక ఇరుక్కున్న ముక్క 64 కిలోబిట్లదైనా 6 కిలోబిట్లదైనా ఒకేసారి బయటపడుతుంది. గొంతును కుదించే ఈ పద్ధతి, అంటే కోడెక్, చేయగలిగినదానికి అక్కడ హద్దు ఉంది. ఆ హద్దు చెప్పకుండా కొత్త కోడెక్ వచ్చింది, ఇక బాధలు తీరాయి అని రాసే వార్తలు పాఠకుడిని తప్పుదోవ పట్టిస్తాయి.

ఇంటి లోపలి నేరాలు చిన్నవేమీ కాదు. రూటరు ముందుగదిలో టీవీ వెనక, అమ్మ వంటింట్లో, మధ్యన రెండు మందపాటి గోడలు. వైఫై ఓడిపోయినప్పుడల్లా మళ్ళీ పంపుతుంది, ఆ మళ్ళీ పంపడాలే హెచ్చుతగ్గులు. తిరిగే ఫ్యాను కింద స్పీకరు పెట్టి మాట్లాడితే, ప్రతిధ్వని రాకుండా ఫోను ఒకవైపు గొంతును నొక్కేస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరే వినిపిస్తారు. వినపడటం లేదని గట్టిగా అరిస్తే మైకు పగిలి ఇంకా చెడుతుంది. ఫోను చెవికి ఆనించి, రూటరు ఉన్న గదిలో కూర్చుని మాట్లాడమనడం చాదస్తంలా ఉంటుంది గానీ పైసా ఖర్చు లేని వైద్యం. వేళ కూడా చూసుకోవాలి. అమెరికాలో సాయంత్రమైతే మనకు ఉదయం, అక్కడ ఉదయమైతే మనకు రాత్రి ఎనిమిది, తొమ్మిది. ఆ రాత్రి వేళే ఊరంతా సీరియళ్ళు, క్రికెట్టు, రీల్స్‌లో ఉంటుంది. ఇళ్ళ బ్రాడ్‌బ్యాండులో ఒకే వేగాన్ని యాభై మంది దాకా పంచుకోవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలే చెప్పాయి. పొద్దున్నే ఏడింటికి చేసిన కాల్ బాగుంటే అందులో మహిమేమీ లేదు.

చట్టం సంగతి త్వరగా ముగించవచ్చు. 2014 చివర ఎయిర్‌టెల్ నెట్ కాల్స్‌కు వేరే రేటు పెట్టబోయి గొడవై వెనక్కి తగ్గింది. 2016 ఫిబ్రవరి 8న డేటాకు రకాన్ని బట్టి ధర పెట్టకూడదని ట్రాయ్ తేల్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో జియో వచ్చాక మామూలు మొబైలు కాల్ కూడా లోపల నెట్ కాలే అయింది, చేసేవాడికి తెలియకుండానే. 2018లో లైసెన్సు ఉన్నవాళ్ళు నెట్ నుంచి దేశంలోని ఏ ఫోనుకైనా కాల్ ఇవ్వొచ్చని కేంద్రం ఒప్పుకుంది. బీఎస్‌ఎన్‌ఎల్ అదే ఏడాది జులైలో వింగ్స్ పేరుతో ఆ సేవను ప్రకటించింది. నరసరావుపేట నుంచి వినుకొండకు నెట్ ద్వారా ఫోను మోగించే హక్కు అప్పటికి దొరికింది. అప్పటికే మొబైలు కాల్స్ దాదాపు ఉచితం కావడంతో దాన్ని పండగ చేసుకున్నవాళ్ళు లేరు.

దానికి కొన్ని నెలల ముందే, 2017 డిసెంబరులో, ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. అప్పట్లో నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే గాజుతీగ మీద. ఆ ఫోను నెట్ ఫోనే. నేలలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడంతో తక్కువ ఖర్చులో, తక్కువ కాలంలో ఊళ్ళకు చేరింది. నల్లరేగడి బాధా తప్పింది. బదులుగా కొత్తవి వచ్చాయి. పత్తి బోరేలు ఎత్తుగా కట్టుకుని వచ్చే ట్రాక్టరుకు వేలాడే తీగ అడ్డం. ఈదురుగాలికి స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ ఒకేసారి పోతాయి. నాకు వీటికంటే పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. పాత ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే 48 వోల్టులు తీగలో వచ్చేవి, ఊరంతా చీకటైనా ఫోను పలికేది. గాజుతీగలో కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోయిన క్షణమే గోడమీది పెట్టె ఆరిపోతుంది, దానితో ఫోనూ ఆరిపోతుంది. వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరికే 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టుకుంటే కొన్ని గంటలు నడుస్తుంది. కనెక్షను ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పేవాళ్ళు అరుదు. వాట్సాప్ నుంచి 108కి కాల్ పోదన్న సంగతి కూడా పెద్దవాళ్ళకు ముందే తెలియాలి. అర్ధరాత్రి గుండె పట్టేసినప్పుడు తెలుసుకోవాల్సిన విషయం కాదది.

ఇక కొలతలు. 2006లో ట్రాయ్ బ్రాడ్‌బ్యాండు నాణ్యతకు పెట్టిన నిబంధనల్లో ఆలస్యానికి హద్దులుండేవి: దేశంలోని అంతర్జాతీయ గేటు దాకా 120 మిల్లీసెకన్లు, విదేశంలోని మొదటి కూడలి దాకా 350. ప్యాకెట్ల నష్టం ఒక శాతం లోపు. చదివితే భరోసాగానే ఉండేది. ఆ లెక్క మొదలయ్యేది మాత్రం కంపెనీ గేటు దగ్గర, పర్చూరులో ఇంటి రూటరు దగ్గర కాదు. తీగ జాయింటు, వైఫై, నిండిపోయిన అప్‌లోడ్, ఇంతసేపూ మనం చెప్పుకున్న జబ్బులన్నీ ఆ గేటుకు ఇవతలే ఉన్నాయి. బ్రాడ్‌బ్యాండు నిర్వచనాన్ని 2013లో 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచారు. రెండుసార్లూ డౌన్‌లోడ్ గురించే. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే స్పీడ్ టెస్ట్ పెట్టమంటారు, డౌన్‌లోడ్ అంకె ప్లానుకు తగ్గట్టుంటే ఫిర్యాదు మూసేస్తారు. అప్‌లోడ్ నిండుగా నడుస్తున్నప్పుడు పింగ్, అంటే ప్యాకెట్టు పోయి రావడానికి పట్టే సమయం, ఎంతకు పోయిందని అడగరు. అమ్మ మాట ఎక్కడ ఆగిపోయిందో చెప్పే అంకె అదొక్కటే.